విజిల్‌కు ఊరు లేదు

కోదాడ నుంచి చొక్కా జేబు చిరిగి వచ్చిన రోజు నుంచి, మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే మా ఆయన ఉలిక్కిపడటం మొదలుపెట్టాడు. మొదట్లో నేను నవ్వాను. ఇన్నేళ్లు మెడలో విజిల్ వేసుకుని తిరిగిన మనిషి పప్పు ఉడికే చప్పుడుకు భుజాలు ఎగరేస్తుంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. తర్వాత నవ్వడం మానేశాను. విజిల్ రాకముందే వంటింట్లోకి పరుగెత్తి స్టవ్ తగ్గించడం అలవాటు చేసుకున్నాను.

ఆయన సర్కారు బడిలో పీఈటీ. సూర్యాపేట చుట్టుపక్కల ఎక్కడ కబడ్డీ పోటీలు పెట్టినా ఆదివారాలు రెఫరీగా పోతాడు. నేను ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. పెళ్లయిన కొత్తలో ఆదివారం ఆయన ఇంట్లో ఉండడని అలిగేదాన్ని. కోదాడ సంగతి తర్వాత, ఆదివారం ఆయన ఇల్లు దాటుతున్నాడంటే నాకు మిషను మీద కుట్టు సాగేది కాదు.

ఆ చొక్కా ఏమైందని అడిగితే "బస్సుల తొక్కిసలాట. ఎవని సంచికో తట్టుకున్నది" అన్నాడు. నేను గుడ్డ మీద బతికే మనిషిని. సంచికి తట్టుకుంటే ఒక మూల పక్కకు చిరుగుతుంది. ఇది రెండు మూలలూ కిందికి దిగి, జేబు కింది గుడ్డతో సహా వచ్చేసింది. ఎవరో పిడికిలితో పట్టుకుని లాగారు. మెడలో ఉండాల్సిన విజిల్ తాడు కూడా లేదు. తాడు ఏ సంచికి తట్టుకుంది అని అడగబోయి ఆగిపోయాను. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం. జేబు కింద ఇంకో గుడ్డ ముక్క వేసి కుట్టి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు దండెం మీద వేశాను.

మా మూడు ఊళ్లకూ, అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు, కబడ్డీలో ఒక కట్టుబాటు ఉంది. తొలి ఆటలకు ఏ ఊళ్లో పోటీ జరిగితే ఆ ఊరి రెఫరీలే సరిపోతారు. ఫైనల్‌కు మాత్రం రెండు జట్లలో ఏ ఊరివాడూ కాని మనిషి కావాలి. మిర్యాలగూడ, కోదాడ ఆడుతుంటే సూర్యాపేట మనిషిని పిలుస్తారు. బయటివాడికి ఆ ఊళ్లో బావమరిది ఉండడు, బాకీ ఉండదు, ఓటు ఉండదు, కాబట్టి చూపు సూటిగా ఉంటుందని అందరి నమ్మకం. మా ఆయనకైతే మరీను. "పరాయూరోనికి పక్షపాతం యాడిది? నా విజిల్‌కు ఊరు లేదు" అనేవాడు, అడిగినవాళ్లతోనూ అడగనివాళ్లతోనూ.

నాకు ఆ నమ్మకం లేకపోవడానికి కారణం ఆయన చేతిసంచి. బయటి ఊళ్లో ఆ ఊరి జట్టు గెలిస్తే పోటీ పెట్టినవాళ్లు రెఫరీకి శాలువా కప్పి, స్వీట్ల డబ్బా ఇచ్చి, బండి మీద బస్టాండులో దింపుతారు. ఓడితే ఎవరూ కనపడరు. అందుకని ఆయన గుమ్మంలోకి రాగానే ఎవరు గెలిచారో నాకు అర్థమయ్యేది. మా బీరువా పైఅర శాలువాలతో నిండిపోయింది. కొన్నింటికి అంచులు కత్తిరించి మిషను మీద కప్పుకున్నాను కూడా. అదే సూర్యాపేటలో తొలి ఆటలకు రెఫరీగా నిలబడితే, మా ఊరు ఓడిన రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఆటోవాళ్ల దగ్గర నుంచి పాలు పోసే ఆయన దాకా అందరూ మా గుమ్మం ముందు ఆగి తిట్టేవాళ్లు. "ఏం మామా, సొంతూరోళ్ల మీద జర కనికరం లేదా?" అనేవాళ్లు. ఈయన బనీను మీదనే బయటికి వచ్చి వాళ్లతో సమానంగా అరిచేవాడు. తిట్టినవాళ్లు చాయ్ తాగి పోయేవాళ్లు. సొంత ఊళ్లో ఆయనకు భయం లేదు. బయటి ఊళ్లో ఆ ఊరికి కోపం వచ్చే మాట చెప్పి, అదే ఊరి గేటు దాటి, అదే ఊరి బస్టాండులో నిలబడాలి. చూపు సూటిగా ఉంటుందని ఎక్కడి మనిషినో పిలిచి తెస్తున్నారు గాని, అక్కడ అందరికంటే ఎక్కువ భయపడేవాడు అతనేనని ఎవరికీ తోచలేదు.

ఈ ముక్క నేను ఆయనతో అనడానికి చాలా రోజులు జంకాను. చివరికి మిర్యాలగూడ పోయే బస్సులో అన్నాను.

మిర్యాలగూడలో ఆ ఫైనల్ వానాకాలం వడ్లు మిల్లులకు చేరే రోజుల్లో పడింది. ఆడేది మిర్యాలగూడ, కోదాడ. పిలుపు వచ్చిందని చెప్పగానే నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. అయితే నువ్వూ పోవద్దన్నాను. కుక్కర్ విజిల్‌కు ఎగిరిపడే మనిషిని ఎట్లా పంపను? అంత నోరు చేసుకోవడం నాకు కొత్త కాదుగాని, ఈసారి కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి లేచాను. అది చూసే ఒప్పుకున్నాడనుకుంటాను.

బస్సు నిండా మనుషులు. కిటికీ పక్కన వడ్ల లారీలు వరసగా పోతున్నాయి. "ఒక మాట అడుగుత, కోపం జెయ్యొద్దు. మీరు రెఫరీలు తెల్వకుండనే ఆ ఊరోళ్ల దిక్కు మొగ్గుతరా?" అన్నాను.

"తెల్వకుండ ఎట్ల మొగ్గుతం? కండ్లు మూసుకొని నిలవడతమా?"

"నా సంగతే సూడు. కత్తెర పట్టినప్పుడు ఎవలన్న నెత్తి మీద నిలవడి బిగువైతది, బిగువైతది అని మొత్తుకుంటే, వాళ్ల జాకెట్టు నాకు తెల్వకుండనే వదులైతది. కావాలని జేస్తనా? టేపు గదే, చెయ్యి గదే."

ఆయన ముఖం ఎర్రబడింది. "గుడ్డ వేరు, గీత వేరు. గీత మీద కాలు పడుతది, లేకపోతే పడది. నడుమ ఏం లేదు" అన్నాడు. ముందు సీటులో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

బస్సు దిగాక, బస్టాండు బయట చెట్టు నీడలో నిలబెట్టి నాకు షరతులు పెట్టాడు. నేను ఆయన భార్యనని ఎవరికీ చెప్పకూడదు. ఆడవాళ్లు కూర్చునే చోట కూర్చోవాలి. "గ్రౌండ్‌ల ఉన్నంత సేపు నేను నీ దిక్కు సూడ. నువ్వు నా దిక్కు రాకు. ఏదన్న లొల్లి అయితే లోపలికి ఉరికి రావద్దు. సక్కగ ఈడికే వచ్చి మొదటి బస్సు ఎక్కు" అన్నాడు.

"మరి నువ్వు?"

"నేనొస్త."

ఆ "నేనొస్త" అన్న తీరు నాకు నచ్చలేదు. బడికి పోయేటప్పుడు రోజూ అనే మాటే అది. ఆ రోజు అందులో బలం లేదు. ఆయన ఆటో ఎక్కి పోయాక కాసేపాగి నేను ఇంకో ఆటోలో పోయాను.

కాలేజీ గ్రౌండు. చుట్టూ గోడ, పోవడానికి రావడానికి ఒకటే గేటు. నేను మొదట చూసుకున్నది అదే. కోర్టు గీతలు సున్నంతో కొత్తగా వేశారు, తెల్లగా మెరుస్తున్నాయి. ఒక పక్క షామియానా కింద ఆడవాళ్లకు కుర్చీలు. మిగతా మూడు వైపులా మగవాళ్లు, గోడ మీద కూడా మగవాళ్లే. కోదాడ నుంచి వచ్చినవాళ్లు ఒక మూల వాళ్ల వ్యాను దగ్గర గుంపుగా నిలబడ్డారు, పిడికెడు మందే. ఆ జనం మధ్య మా ఆయన తెల్ల చొక్కా ఒక్కటే వేరుగా కనపడింది. నేను కుట్టిన జేబు అది.

నాకు మొదటి వరసలో చోటు దొరికింది. పక్క గీత నా పాదాలకు కాస్త దూరంలోనే ఉంది. పక్కన కూర్చున్నామె నా వయసుదే. కొంగులో పల్లికాయ పోసుకుని ఒలుస్తూ, నా చేతిలో పిడికెడు పెట్టింది. "గా ఎర్ర బనీనోడు మా పిలగాడే అక్కా. మిల్లుల పని. రాత్రంత బస్తాలు దించి సక్కగ ఈడికే వచ్చిండు" అంది గర్వంగా. చూశాను. సన్నగా, పొడుగ్గా, పిక్కలు బిగించి నిలబడ్డాడు. "మంచిగున్నడు" అన్నాను. నిజంగానే బాగున్నాడు.

"మీదేవూరక్కా?"

సూర్యాపేట అంటే రెఫరీ ఊరు. నోటికి వచ్చింది మా పుట్టింటి ఊరు. "నడిగూడెం. ఈడ చుట్టాలింటికి వచ్చిన" అన్నాను.

ఆమె ఒలిచే చెయ్యి ఆగింది. "నడిగూడెమంటే కోదాడ పక్కనే గదా! అయితే నువ్వు వాళ్ల పార్టీనా?" అని నవ్వింది. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నావైపు వంగి చూశారు. ఆమె హాస్యానికే అంది. కాని నాకు భయం వేసింది. "అయ్యో, నాకే పార్టీ అక్కా? మీ పిలగాడు గెలవాలె" అన్నాను. ఆ మాట నిజమని చూపించుకోవడానికి, ఎర్ర బనీను అబ్బాయి మొదటి పాయింటు తేగానే అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.

షామియానా తాడుకు అవతల మగవాళ్లు. వాళ్ల మాటలు చక్కగా వినపడుతున్నాయి.

"గీ రెఫరీ సూర్యాపేటోడంట. కోదాడల గీన్నే గదా కొట్టింది?"

"కొట్టలేదుర. అంగి పట్టి గుంజిండ్రు, గంతే. జనమే ఇడిపిచ్చి పంపిండ్రు."

"గా కోపం గీన్కి ఉండాలె గదా. మన దిక్కే ఇస్తడు సూడు."

"ఇయ్యకపోతే? గేటు ఒక్కటే ఉన్నది."

అందరూ నవ్వారు. అది బెదిరింపు కాదు, ఆట దగ్గర మగవాళ్లు వాగే వాగుడు. నాకు తెలుసు. తెలిసినా ఇంకోసారి ఆ గేటు వైపు చూశాను. నేను ఇన్నాళ్లు అడగకుండా దాటేసిన నిజం ఇదన్నమాట. ఇంతమందికి తెలిసిన సంగతి, ఆ చొక్కా కుట్టిన నాకు తెలియదు.

ఆట సమానంగా సాగింది. కబడ్డీ నాకు బాగానే తెలుసు, పెళ్లయిన దగ్గర నుంచి అన్నంలో కలుపుకుని తింటున్నాను. అవతలి కోర్టులోకి కూతకు పోయినవాడు ఎవరినైనా తాకి వెనక్కి వస్తే పాయింటు. తాకకముందే కోర్టు బయటి గీత తొక్కితే వాడు ఔటు, పాయింటు అవతలివాళ్లకు. మా ఆయన ఎవరికీ అన్యాయం చేయలేదు, అది ఒట్టు వేసి చెబుతాను. స్పష్టంగా కనపడినవన్నీ స్పష్టంగానే ఇచ్చాడు. ఒకసారి మిర్యాలగూడవాళ్లు తమదేనని అరిచిన పాయింటు రాదని చెయ్యి అడ్డంగా ఊపాడు కూడా. గోడ మీద నుంచి ఒక్కసారిగా కేకలు వేశారు. నీళ్ల సీసా ఒకటి ఎగిరి వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది. ఆయన వంగి, సీసా తీసి గీత బయట పెట్టి, ఆట కొనసాగించాడు. వంగినప్పుడు మెడ వెనక చెమట మెరిసింది.

ఆ తర్వాతే నాకు ఆ తేడా కనపడింది. మిర్యాలగూడకు పాయింటు ఇవ్వాల్సి వస్తే ఆయన చెయ్యి వెంటనే లేస్తోంది. కోదాడకు ఇవ్వాల్సి వస్తే ముందు ఒక ఊపిరి తీసుకుంటున్నాడు. అటూ ఇటూ తేలని చోట, ఇద్దరూ తమకే అని అరిచే చోట, ఆ ఊపిరి అయ్యేలోపు చెయ్యి దానంతట అదే ఈ ఊరి వైపు పోతోంది. ఆయనకు తెలియదు. ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది, నిజాయితీ తప్ప ఇంకేమీ లేని ముఖం. బస్సులో నేను అన్న మాట కళ్లెదుట నిజమవుతుంటే గెలిచానన్న సంతోషం రాలేదు. పైగా ఆ చెయ్యి అట్లాగే పోతే బాగుండునని నేను మొక్కుకున్నాను. ఇంటికి రావాలి ఆ మనిషి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఎండ వాలింది. ఆట ఆఖరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానం. చివరి కూత ఎర్ర బనీను అబ్బాయిది. తాకి వస్తే మిర్యాలగూడ గెలుస్తుంది. తాకకముందే గీత తొక్కినా, పట్టుబడినా కోదాడ గెలుస్తుంది. పక్కనామె పల్లికాయ మొత్తం కింద పారబోసుకుని లేచి నిలబడింది. నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. ఆమె భయం కొడుకు కోసం, నా భయం మొగుడి కోసం. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం.

అబ్బాయి మా వైపు మూలకే వచ్చాడు. కోదాడ కెప్టెన్ మూలలో కాచుకుని ఉన్నాడు. అబ్బాయి గీత వెంబడి పోతూ ఒంటికాలి మీద తిరిగాడు. ఇంకో కాలు చాపి కెప్టెన్ భుజానికి తగిలించాడు. మళ్లీ ఒక్క గంతులో వెనక్కి ఉరికి తన కోర్టులో పడ్డాడు. అంతా రెప్ప వేసేలోపు. కాలు భుజానికి తగిలింది, అందులో అనుమానం లేదు. తగలకముందు తిరిగినప్పుడు, నేల మీద ఉన్న మడమ గీత మీద పడిందా? నా పాదాల ముందే జరిగింది. సున్నం కొంచెం లేచినట్టు కూడా ఉంది.

కోదాడవాళ్లు "ఔట్!" అని చేతులు లేపారు. గ్రౌండు మొత్తం "లేదు!" అంది. ఆ "లేదు" షామియానా గుడ్డను ఊపింది. పక్కనామె నా చెయ్యి ఊపేస్తూ "తొక్కలే! మా పిలగాడు తొక్కలే! నువ్వు సూసినవ్ గదక్కా, తొక్కలే గదా!" అని అరుస్తోంది. వెనక ఆడవాళ్లందరూ అరుస్తున్నారు. నేనూ అరిచాను. "తొక్కలే, తొక్కలే" అని తల అడ్డంగా ఊపుతూ, ఖాళీగా ఉన్న చేతిని కూడా ఊపుతూ అరిచాను. ఆ క్షణంలో నేను అబద్ధం ఆడటం లేదు. తొక్కలేదనే నాకు కనపడింది. నా కళ్లలో ఇంకో బొమ్మ లేదు.

మా ఆయన ఒక ఊపిరి తీసుకున్నాడు. తల ఎత్తి ఒకసారి జనం వైపు, షామియానా వైపు చూశాడు. తర్వాత విజిల్ వేసి చెయ్యి మిర్యాలగూడ వైపు చాపాడు.

గోడ మీద ఉన్నవాళ్లందరూ లోపలికి దూకారు. పక్కనామె నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆమెకు తెలియదు. ఇంక గేటు దాటుతాడు అన్న ఒక్కటే నా ఏడుపు.

కోదాడ కెప్టెన్ మాత్రం కదల్లేదు. ఆ మూలలో మోకాళ్ల మీద కూర్చుని, చేతులు అడ్డం పెట్టి గీతను కాపాడుతున్నాడు. "సార్, ఒక్కసారి ఇటు రండి సార్! సున్నం చెదిరింది చూడండి. మడమ అచ్చు పడిందండీ. చూసి మీరు ఏం చెప్పినా సరేనండి!" అని పిలుస్తున్నాడు. మా ఆయన అటు రెండు అడుగులు వేశాడు కూడా. ఈలోగా జనం ఎర్ర బనీను అబ్బాయిని భుజాల మీద ఎత్తుకుని ఆ మూల మీదుగానే పోయారు. వాళ్లు పోయాక చూస్తే అక్కడ గీత లేదు. చెప్పుల అచ్చులు, తెల్లటి దుమ్ము ఉన్నాయి. కెప్టెన్ తన చేతులకు అంటిన సున్నం వైపు చూసుకుంటూ అట్లాగే కూర్చున్నాడు.

మా ఆయనకు శాలువా కప్పారు. స్వీట్ల డబ్బా ఇచ్చారు. ఇందాక గేటు ఒకటే ఉందన్నవాడే ఆయన్ను బండి ఎక్కించుకుని అదే గేటు నుంచి తీసుకుపోయాడు. నేను ఎవరికీ ఏమీ కానిదాన్ని కాబట్టి, ఆమెకు చెప్పి, ఆటో దొరికేదాకా రోడ్డు మీద నిలబడి, ఒక్కదాన్నే బస్టాండుకు వచ్చాను.

సూర్యాపేట బస్సు ఆగే చోట బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో డబ్బా, దాని మీద మడిచిన శాలువా. నేను పోయి పక్కన కూర్చుంటున్నానో లేదో, కోదాడ వ్యాను బస్టాండు ముందు ఆగింది. కెప్టెన్ దిగి మా వైపే వస్తున్నాడు. లేచి మా ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. ఎట్లా అడ్డం నిలబడ్డానో, ఏం చేద్దామని నిలబడ్డానో ఇప్పటికీ తెలియదు.

అతను నాకు దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత మా ఆయనతో అన్నాడు. "సార్, ఆ రోజు మా ఊళ్లో మీ చొక్కా పట్టుకుంది మావాళ్లేనండి. తప్పే. అది మనసులో పెట్టుకుని ఇవాళ ఇట్లా చేశారా అని అడుగుదామని దిగాను."

"లేదు తమ్మీ. నీ మీద ఒట్టు, లేదు" అన్నాడు మా ఆయన.

"అయితే తొక్కలేదనే చూశారా అండీ?"

మా ఆయన తల వంచి ఒళ్లో ఉన్న శాలువా మడత సరిచేశాడు. కెప్టెన్ అది చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. అతను అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

బస్సులో మా సీటు దగ్గర దీపం వెలగలేదు. మిల్లుల పొగ వెనకపడి చలిగాలి మొదలయ్యాక, కిటికీ మూస్తూ ఆయన అడిగాడు.

"నువ్వు ముందట్నే ఉన్నవ్ గదా. సక్కగ జూసినవా?"

"ఏంది?"

"కాలు."

నేను చెప్పబోయాను. అప్పుడు తెలిసింది నాకు, లోపల ఏమీ లేదని. తొక్కలేదని గ్రౌండులో అంత స్పష్టంగా కనపడిన బొమ్మ, ఆ అరుపులు ఆగిపోయాక నా దగ్గర లేదు. సున్నం కొంచెం లేచింది గుర్తుంది. ఆమె మంచు చెయ్యి గుర్తుంది. మడమ గుర్తులేదు. పావు అంగుళం వంకర పోయినా పట్టే కన్నని ఊరంతా చెప్పుకునే కన్ను ఇది. దాని ముందు జరిగినదే దానికి తెలియదు. ఈ రోజుకీ మిషను మీద తెల్లదారం గీత వేస్తున్నప్పుడు చెయ్యి ఆగిపోతుంది. ఏది చూశానని అనుకుంటున్నానో, అందులో నేను చూసింది ఎంత, నా చుట్టూ ఉన్నవాళ్లు చూపించింది ఎంత అని భయం వేస్తుంది.

"గంత లొల్లిల నాకేం సోయి ఉన్నది? నాకు ఎరుక లేదు" అన్నాను.

ఆయన నావైపు పూర్తిగా తిరిగాడు. చీకట్లో ముఖం కనపడలేదు.

"ఎరుక లేదా? మరి తల అడ్డంగ ఊపినవ్ గదా. తొక్కలే, తొక్కలే అని చెయ్యి గూడ ఊపినవ్."

"నువ్వెప్పుడు సూసినవ్?"

"విజిల్ ఊదే ముందర. నాకు ఆ మూలకు ఎండ కొట్టింది, మడమ సరిగ కనవడలే. అందుకే నీ దిక్కు జూసిన."

"నన్నెందుకు సూసినవ్? సూడనంటివి గదా!" గట్టిగానే అరిచానేమో, కండక్టరు మా వైపు చూశాడు.

ఆయన శాలువా తీసి నా ఒళ్లో పెట్టాడు. నెమ్మదిగా అన్నాడు.

"ఇంకెవర్ని సూడాలె? గా గ్రౌండ్‌ల ఆ రెండూళ్లది కాని మొఖం నీదొక్కటే ఉండె."